దాగలి మచ్చ

గాజుగుడ్డలో చుట్టి ఉండగానే ఆ బిళ్ళని బల్ల మీద వదిలేసి వచ్చాం, కిందటివారం. గుడ్డ ఇంకా విప్పలేదు. కళ్ళజోళ్ళ కొట్టు వెనక గదిలో, నల్ల ఉన్నిగుడ్డ పరిచిన బల్లకి అటు త్రాసు బావ, ఇటు భూతద్దమ్మ, ఎదురుగా నర్సమ్మ. ముగ్గురి చేతులూ ఎవరి ఒళ్ళో వాళ్ళకే ఉన్నాయి. కాన్పు గది బయట కూర్చున్నవాళ్ళు తలుపు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉంటారే, అలా ఉంది ఆ గది.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. కొండ మీద ఒకప్పుడు సైన్యానికి కుర్రాళ్ళని తయారుచేసే బడి ఉండేది. ఇప్పుడు గోడలే మిగిలాయి. అక్కడి క్యాడెట్లు టోపీకి పెట్టుకున్న ఇత్తడి బిళ్ళలకి మాత్రం గిరాకీ చావలేదు. కోటగుమ్మం మీద రెక్కలు విప్పిన డేగ, చుట్టూ తాడు పేనినట్టు అంచు. పోగుచేసేవాళ్ళు ఎంతమందో, దొంగవి పోతపోసి అమ్మేవాళ్ళు అంతకు రెట్టింపు. బెల్లం ఉన్నచోట ఈగలకి కరువా? ఏది అసలో ఏది దొంగదో తేల్చుకోవాలంటే, ఈ కళ్ళజోళ్ళ కొట్టాయన భార్య భూతద్దమ్మ దగ్గరికే రావాలి.

ఆ బడికో ఆనవాయితీ ఉండేది. చేరిన రోజున కుర్రాడికిచ్చే బిళ్ళ వెనకవైపు నంబరు తప్ప మరేమీ ఉండదు. శిక్షణ పూర్తయిన రోజున కవాతు మైదానంలో కమ్మరి దాగలి, ఇనుము పెట్టి సాగగొట్టే ఇనపదిమ్మ, ఒకటి తెచ్చి పెట్టేవారు. కుర్రాడు తన బిళ్ళని తన చేత్తో దాని మీద బోర్లా పెట్టాలి. పెద్ద అధికారి మొనదేలిన ఉక్కు పోటు ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ వేసేవాడు. బిళ్ళ వీపు మీద చిన్న చుక్క పడేది. మధ్యలో వదిలి పారిపోయినవాడి బిళ్ళనైతే రెండుగా కత్తిరించి పారేసేవారు. కాబట్టి చుక్క పడిన బిళ్ళ చేతికొచ్చిందంటే, దాని తాలూకు మనిషి చివరిదాకా నిలబడ్డాడన్నమాట.

నర్సమ్మ అన్న ఆ బడిలోనే చేరాడు. ‘మీవాడు శిక్షణ పూర్తికాకముందే గోడ దూకి పారిపోయాడు’ అని ఇంటికి కబురొచ్చింది. అంతే. గోడ మీద పటం దిగింది. ఆ ఇంట్లో వాడి పేరెత్తకూడదని తండ్రి శాసనం చేశాడు. తల్లి ఆ పేరుని నోట్లోనే నములుకుంటూ పోయింది. ఆ అన్న ఏమయ్యాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. నర్సమ్మ ఎందరికో పురుళ్ళు పోసి, ఎందరి కళ్ళో మూసి, ఉద్యోగం దిగి ఇంట్లో కూర్చున్నాక, ఎవరో ఒక అమ్మాయి ఆమె పనిచేసిన ఆసుపత్రిలో ఒక పొట్లం వదిలిపెట్టి వెళ్ళింది. పొట్లంలో బిళ్ళ. బిళ్ళ వెనక అన్న నంబరు. నంబరు పక్కన చుక్క.

అసలుదైతే, అన్న పిరికివాడు కాదు. నకిలీదైతే, నర్సమ్మ బతుకులో ఇది రెండో చావు.

“విప్పండమ్మా. చూద్దాం,” అంది భూతద్దమ్మ చివరికి.

నర్సమ్మ గుడ్డ విప్పింది. ఎన్ని కట్లు విప్పిన చేతులో! పొర తర్వాత పొర, గాయానికి నొప్పి తెలియకూడదన్నట్టు తీసింది. బిళ్ళ బయటపడింది.

అరిగి అరిగి సబ్బుబిళ్ళలా ఉంది. డేగ ముక్కు లేదు. కళ్ళు లేవు. ఈకలు చాలామటుకు చెరిగిపోయి రెక్కల నీడ మాత్రం మిగిలింది. ఇంత అరిగినదాన్ని భూతద్దమ్మ తన జన్మలో చూడలేదు.

“ముందు నా వంతు,” అని త్రాసు బావ జేబులోంచి రేకుపెట్టె తీశాడు. ఆయన తూకపురాళ్ళు, తక్కెళ్ళు బాగుచేసే కొట్టు నడుపుతాడు. పెళ్ళికి పోయినా జేబులో త్రాసు ఉండాల్సిందే. భూతద్దమ్మకి మేనబావ. ఒకప్పుడు ఇద్దరికీ పెళ్ళి మాటలు కూడా నడిచాయి.

“ఈయన్ని చేసుకుని ఉంటే పొద్దున్న లేవగానే నన్ను తూకం వేసేవాడమ్మా,” అంది భూతద్దమ్మ, నర్సమ్మ భయం కాస్త సడలుతుందేమోనని.

“నిన్ను తూచే త్రాసు చెయ్యాలంటే కర్మాగారం పెట్టాలి మరదలా,” అన్నాడు బావ. అన్నాడు గానీ, మొహంలో నవ్వు లేదు. ఎప్పుడూ ఇలాంటి మాట అన్నాక కళ్ళెగరేసేవాడు. ఇవాళ తక్కెడ ముల్లు వైపే చూస్తూ కూర్చున్నాడు.

ముల్లు ఊగి ఊగి నిలబడింది. బావ ఒక రాయి తీసేశాడు. ఇంకోటి తీసేశాడు. తలాడించాడు.

“తక్కువ తూగింది. చాలా తక్కువ. అమ్మా, ఉన్నమాట చెబుతున్నాను, ఏమనుకోకు. అసలు బిళ్ళ పక్కన ఇది పసిపిల్ల. పోతపోసిన నకిలీ ఇది.”

నర్సమ్మ గాజుగుడ్డని మడత పెట్టింది. మళ్ళీ విప్పి మడత పెట్టింది.

“మరి నంబరో?” అంది భూతద్దమ్మ.

“నంబరుదేముంది, గుండుసూది మొన ఉంటే నేనూ చెక్కుతాను.”

“చుక్కో?”

“మేకు ఉంటే చాలు. మరదలా, నువ్వు నాకు నేర్పకు. ఈవిడ బాధ తెలిసిన పుణ్యాత్ములెవరో చేయించి పంపి ఉంటారు, కాస్త ఊరట పడుతుందని. అది తప్పని కూడా నేననను. తీసుకెళ్ళి దాచుకోమ్మా. దండం పెట్టుకో. అంతేగానీ దీన్ని పట్టుకుని ఊళ్ళు తిరగకు.”

ఆ చివరిమాట భూతద్దమ్మ చెవిలో ఇసకరేణువులా పడింది. ఊళ్ళు తిరుగుతానని నర్సమ్మ ఎప్పుడంది? కానీ అప్పటికి ఆ రేణువుని పక్కకి తోసి, బిళ్ళని తన వైపు లాక్కుంది.

జాలిపడి ‘అసలుది’ అన్న రోజున తను భూతద్దం పక్కన పడేసి జోస్యం చెప్పుకుని బతకచ్చని ఆవిడ నమ్మకం. ఎంతటి ఆప్తులు తెచ్చినా, నకిలీని నకిలీ అనే అంది. ఈ కొట్లో కళ్ళజోడు పెట్టుకున్నవాడికి లోకం స్పష్టంగా కనబడాలి గానీ అందంగా కనబడాలని రూలేమీ లేదు అంటుంది. కాబట్టి నర్సమ్మ మొహం చూడకుండా బిళ్ళ మొహం చూసింది.

పోత నకిలీకి ఒక పుట్టుమచ్చ ఉంటుంది. అసలు బిళ్ళని మట్టిలో అద్ది అచ్చు తీసి, అందులో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారేటప్పుడు లోహం ముడుచుకుంటుంది, చలికి ముడుచుకున్న పిల్లిలాగా. ఆ ముడుచుకోవడం కంటికి ఆనదు గానీ కొలతకి ఆనుతుంది. నకిలీ ఎప్పుడూ అసలుకంటే వెంట్రుకవాసి కురచ.

భూతద్దమ్మ కొలత పరికరం తీసి ఈ అంచు నుంచి ఆ అంచుకి పట్టింది. అడ్డంగా కొలిచింది. నిలువుగా కొలిచింది. సొరుగులోంచి తన దగ్గరున్న నికార్సైన బిళ్ళ తీసి దాన్నీ కొలిచింది.

“బావా, కురచ కాలేదు.”

“ఏంటి?”

“ఇది కురచ కాలేదు. చిక్కింది. కురచకావడం వేరు, చిక్కిపోవడం వేరు. పొడుగు మనిషి జబ్బుపడితే బరువు తగ్గుతాడు గానీ పొట్టివాడవుతాడా? అంచులు అంచుల దగ్గరే ఉన్నాయి. మందమే పోయింది. తోమి తోమి పోయింది.”

బావ తీసేసిన రాళ్ళని వరసగా పేర్చాడు. “ఈ రోజుల్లో దొంగలు తెలివిమీరారు. ముడుచుకుంటుందని తెలిసి ముందే అచ్చు పెద్దది చేస్తున్నారు. తర్వాత ఆకురాయితో అరగదీస్తే పాతదైపోతుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు.”

కాదనడానికి లేదు. అలాంటివి ఆవిడా చూసింది. కొలత ఒక్కటే సాక్ష్యమైతే, ఆ సాక్షిని కొనేసేవాళ్ళున్నారు.

ముందు కొట్లోంచి ఆవిడ భర్త కేకేశాడు. “ఏమేవ్! మీ బిళ్ళలకి కూడా టీ చెప్పనా, మనుషులకి చాలా?”

“మనుషులకే చెప్పండి! బిళ్ళలు మీలాగా గంటకోసారి తాగవు!”

నర్సమ్మకి నవ్వొచ్చింది, నవ్వకూడని చోట వచ్చినట్టు చేత్తో ఆపుకుంది. టీ వచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు. పడమటి కిటికీలోంచి ఎండ వాలి బల్ల అంచు మీదకి ఎక్కుతోంది. నడినెత్తిన ఉన్నప్పుడు ఎండ అందరికీ అన్నీ చూపిస్తున్నట్టే ఉంటుంది గానీ గుంటలన్నిటినీ పూడ్చేస్తుంది. వాలిన ఎండ అలా కాదు. చీమ నడిచినా దానికి నీడ పుట్టిస్తుంది.

ఆ ఎండ బిళ్ళ మీదకి వచ్చింది.

“అదేంటమ్మా, ఆ రెక్క మీద?” అంది నర్సమ్మ.

“ఏ రెక్క?”

“ఇదిగో, ఇక్కడ. టీకా మచ్చలాగా.”

భూతద్దమ్మ వంగి చూసింది. నిజమే. ఎడమ రెక్క మీద, అరిగిన నునుపులో, చిన్న నొక్కు. నెలవంకలాగా వంపు తిరిగి, నడుమ పంటిగాటులా చిన్న విరుపు. అంతకుముందు నిట్టనిలువు వెలుతురులో అది లేదు. ఇప్పుడు ఉంది.

“ఎక్కడో కింద పడి ఉంటుంది. ఇలాంటి సొట్టలు ప్రతిదానికీ ఉంటాయి,” అన్నాడు బావ.

“ఉంటాయి. మచ్చ లేని బిళ్ళ ఉండదు,” అంది ఆవిడ అలవాటుగా.

“మచ్చ లేని చెయ్యి కూడా ఉండేది కాదమ్మా మా రోజుల్లో,” అంది నర్సమ్మ. “ఎన్ని వేల చేతులకి వేశానో టీకాలు. ఒకడికి కాస్త పైన, ఒకడికి కాస్త కింద. పిల్లాడు మెలికలు తిరుగుతాడు కదా, ఎక్కడ దొరికితే అక్కడే పడేది. కానీ చోటు మారినా మచ్చ ఒక్కటే. ఆ మచ్చ చూసి వాడు మన ఆసుపత్రిలో పుట్టినవాడే అని చెప్పేదాన్ని. సూది ఒకటే కదా.”

భూతద్దమ్మ చేతిలో ఉన్న భూతద్దం ఆగిపోయింది.

సూది ఒకటే.

ఆవిడ లేచింది. గోడకున్న బీరువా తెరిచి పళ్ళెం తీసింది. తను ఏళ్ళుగా ఏరి పోగుచేసిన అసలు బిళ్ళల పంట అంతా ఆ పళ్ళెంలో ఉంది, ఒక్కొక్కటీ గుడ్డ గూట్లో పడుకుని. వాటిని తీసి ఎండలో వరసగా, మొహం పైకి పెట్టి పేర్చింది. ఇన్నేళ్ళుగా ఆవిడ వాటి వెనకవైపు చుక్కనే చూసింది. అందరూ చుక్కనే చూస్తారు. దొంగలు కూడా చుక్కనే కొడతారు. ముందువైపున్న సొట్టలు ఎవరికి కావాలి? డబ్బాలో దొర్లాయి, బూటు కింద నలిగాయి, పిల్లలు ఆడుకున్నారు అనుకుంటారు. ఒకదానికి రెక్క మీద ఉంటుంది, ఒకదానికి గుమ్మం మీద, ఇంకోదానికి అంచు దగ్గర. ఒక్కోచోట ఉన్నదాన్ని ఒకటేనని ఎవడనుకుంటాడు?

మొదటిది చూసింది. డేగ మెడ కింద నెలవంక, నడుమ విరుపు.

రెండోది. గుమ్మం స్తంభం మీద. నెలవంక, విరుపు.

మూడోది. నాలుగోది. ఆవిడ చూపు నడుస్తోంది, ఊపిరి మాత్రం వెనకబడింది. ఒకదాని మీద వంకర అటు తిరిగింది, ఒకదాని మీద ఇటు. బిళ్ళ పెట్టిన కుర్రాడి చెయ్యి ఎలా తిరిగితే అలా. కానీ నెలవంక అదే. విరుపు అదే.

“బావా,” అంది.  “ఒక్కొక్కటీ తిప్పు. చుక్క ఎక్కడుందో చూడు.”

బావ తిప్పాడు. వద్దనుకుంటూనే తిప్పాడు. వీపు మీద చుక్క ఎక్కడ పడిందో, సరిగ్గా దాని ఎదురుగా, మొహం మీద నెలవంక. ఒక్కటీ తప్పలేదు.



“దాగలి,” అంది భూతద్దమ్మ. “దాగలి నడుమ దెబ్బ తగిలి ఇనుము లేచిన చోటొకటి ఉంది. పెద్ద అధికారి ప్రతిసారీ అక్కడే కొట్టాడు, అది చదునుగా ఉందనుకుని. పైన చుక్క పడుతుంటే, అదే దెబ్బకి కింద దాగలి తన వేలిముద్ర వేసుకుంది. చూసినవాళ్ళు లేరు. ఆ అధికారికీ తెలియదు. దొంగకి అసలే తెలియదు, వాడు చెక్క మీద పెట్టి కొడతాడు, చెక్క మీద కొడితే ముందువైపు ఉబ్బుతుందే గానీ నొక్కుపడదు. ఇన్నేళ్ళు నా బీరువాలో ఉన్నాయి ఇవి. రోజూ తుడిచాను. చూడనేలేదు బావా నేను.”

కొండ మీద ఇప్పుడు దాగలి లేదు. ఏ కొలిమిలో కరిగి ఏ ఇంటి గేటు చువ్వ అయిందో. సుత్తి పట్టిన చెయ్యి మట్టిలో కలిసింది. బోర్లా పెట్టిన కుర్రాళ్ళు యుద్ధాలకి పోయారు, కొందరొచ్చారు, కొందరు రాలేదు. కానీ ఆ ఇనపముద్ద ఒక్కొక్కణ్ణీ ఒక్కసారి ముట్టుకుని, నువ్వు నా ముందుకొచ్చావురా అని గుర్తుపెట్టుకుంది. చెప్పమని అడిగే కన్ను కోసం ఇన్నాళ్ళూ కాచుకుని ఉంది. భూతద్దమ్మ దేవుడి విషయంలో అంత పట్టింపున్న మనిషి కాదు. అయినా ఎప్పుడు విడిచిందో చెప్పులు బల్ల కింద విడిచి, వట్టికాళ్ళతో నిలబడి ఉంది.

నర్సమ్మ తెచ్చిన బిళ్ళని భూతద్దమ్మ తిప్పింది. చుక్క. మళ్ళీ తిప్పింది. సరిగ్గా ఎదురుగా, ఎడమ రెక్క మీద, అరిగీ అరగని నెలవంక.

“అక్కా,” అంది. ఇంతవరకూ ‘అమ్మా’ అనే పిలిచింది. “మీ అన్న గోడ దూకలేదు. మైదానంలో నిలబడ్డాడు. ఈ బిళ్ళని తన చేత్తో దాగలి మీద పెట్టాడు. ఇది నేను జాలిపడి చెప్పడం లేదు.”

నర్సమ్మ చాలాసేపు ఆ నెలవంక మీద వేలు పెట్టి కూర్చుంది, నాడి చూస్తున్నట్టు.

“నాన్న,” అంది చివరికి. “నాన్న ఇది చూడాల్సింది.” తర్వాత, ఇంకాసేపటికి, “మరి పారిపోయాడని కబురెందుకు పంపారు?”

 భూతద్దమ్మ దృష్టి అప్పటికే ఇంకోదాని మీద పడింది. ఒక ముడి విడితే దాని కింద ముడి కనబడుతుంది. శిక్షణ పూర్తయిన కొత్తలోనే అన్న చచ్చిపోయి ఉంటే, బిళ్ళ కొత్తగా ఉండాలి. ఇంత అరిగిందంటే దీన్ని ఒక మనిషి ఏళ్ళ తరబడి తోమాడు. యుద్ధం కోసం కాదు, కవాతు కోసం కాదు. బడి మూతపడ్డాక కూడా తోమాడు.

తన బిళ్ళల్నీ దీన్నీ పక్కపక్కన పెట్టింది. తనవన్నీ ఒక పక్క ఎక్కువ అరిగాయి. ఇది రెండో పక్క అరిగింది.

“అక్కా, మీ అన్నది ఏ చేతివాటం?”

“ఎడమ. పుర్రచెయ్యి అని బళ్ళో ఏడిపించేవాళ్ళు. నాన్న స్కేలుతో కొట్టి కుడిచేత్తో రాయించేవాడు. నాన్న అటు తిరగ్గానే మళ్ళీ ఎడమే. ఎందుకమ్మా?”

“అందరూ ఎడమచేత్తో పట్టుకుని కుడి బొటనవేలితో రుద్దారు. దీన్ని కుడిచేత్తో పట్టుకుని ఎడమ బొటనవేలితో రుద్దారు. చూడండి, ఇక్కడ. పల్లం పడిపోయింది. ఇది ఆయన వేలే.”

నర్సమ్మ తన బొటనవేలు ఆ పల్లంలో పెట్టింది. పట్టింది. కాస్త వదులుగా పట్టింది, అన్న చెప్పుల్లో చెల్లి కాలు పెట్టినట్టు. ఆమె మొహంలో అప్పుడు వచ్చినదాన్ని ఏమంటారో చెప్పడం నావల్ల కాదు. పురిట్లో బిడ్డ మొదటిసారి ఏడవగానే తల్లి మొహం మారుతుందే, ఆ మొహాన్ని ఆమె ఎన్నోసార్లు పక్కన నిలబడి చూసి ఉంటుంది. ఇవాళ ఆమెకే వచ్చింది.

భూతద్దమ్మ చెక్కపుల్ల తీసుకుని, గుమ్మం గీతల సందులో మెల్లగా గీసింది. తోమిన పాలిష్ సందుల్లో ఇరుక్కుంటుంది. కొన్నాళ్ళకి పొడిబారుతుంది, ఇంకొన్నాళ్ళకి చిలుముతో కలిసి పచ్చగా బిగుసుకుంటుంది. పుల్ల చివర ఏం వచ్చిందో వెలుతురులో చూసింది. తెల్లగా, మెత్తగా, మీగడలా ఉంది. వేలికి రాసుకుంటే జారింది. వాసన కూడా ఇంకా పోలేదు.

“పొట్లం వచ్చాక మీరేమైనా తోమారా?”

“అయ్యో! ముట్టుకోవడానికే భయపడ్డాను. గుడ్డ చుట్టి తెచ్చాను.”

“అయితే దీన్ని ఎవరో మొన్నమొన్ననే తోమారు.” ఆవిడ పుల్లని కింద పెట్టింది. “ఈ వేలితోనే తోమారు. పల్లంలో ఇంకో వేలి జాడ లేదు.”

ఆ మాట అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో గానీ, నర్సమ్మ కుర్చీ చేతుల్ని పట్టుకుంది. “బతికి… అమ్మా, బతికున్నాడా?”

భూతద్దమ్మ బావ వైపు తిరిగింది. ఇందాక చెవిలో పడిన ఇసకరేణువు ఇప్పుడు కంట్లో పడింది. ఈయన మనిషిని చూసి బరువు చెబుతాడు. కురచదానికీ చిక్కినదానికీ తేడా తెలియకుండా ఈయన పోతబిళ్ళ అన్నాడా? కళ్ళు మూసుకుని వేళ్ళ మధ్య తిప్పినా చెప్పే మనిషి.

“బావా, నువ్వు తూకం తప్పవు.”

బావ త్రాసుని రేకుపెట్టెలో పెడుతున్నాడు. మూత పట్టడం లేదు. 

“నువ్వు తప్పవు. నీ ఆస్తి మొత్తం ఆ ముల్లే. మరి ఇవాళ ఎందుకు తప్పావు?”

“మరదలా, ఇంక వదిలెయ్యి.”

“ఆవిడ మొహం చూసి చెప్పు ఆ మాట.”

బావ నర్సమ్మ మొహం చూశాడు. చూసి ఉండకూడదు. పెట్టె బల్ల మీద పెట్టేశాడు.

“మాటిచ్చాను,” అన్నాడు. “ఒక ముసలాయన నా కొట్టుకొచ్చాడు. ‘మా అమ్మాయి నాకు తెలియకుండా నా బిళ్ళ పంపేసింది, అది చివరికి నీ బల్ల మీదకో మీ మరదలి బల్ల మీదకో వస్తుంది, నకిలీదని చెప్పెయ్యి’ అన్నాడు. ఎందుకన్నాను. ‘అసలుదని తెలిస్తే నన్ను వెతుక్కుంటూ వస్తుంది. చచ్చిపోయాననుకునే కదా ఇన్నాళ్ళూ ఉంది, అలాగే ఉండనియ్యి’ అన్నాడు. అంత పెద్దమనిషి నా ముందు చేతులు జోడించాడు. మనిషి బతికుండి దాక్కుంటున్నాడంటే ఏదో పెద్ద కారణమే ఉంటుందిలే అనుకున్నాను. తప్పో ఒప్పో, ఒప్పుకున్నాను.”

“ఎవరో ఏమో,” అంది నర్సమ్మ. నమ్మడానికి భయపడి అంది. “ఏ ముసలాయనో. మా అన్నేనని ఏంటి నమ్మకం?”

“పేరు చెప్పలేదమ్మా. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి ఒక్కటి అడిగాడు. ‘మా మిణుగురుకి ఇప్పటికీ దీపం వెలుగుతుంటేనే గానీ నిద్ర పట్టదా, నీకేమైనా తెలుసా?’ అన్నాడు. ఎవరా మిణుగురు అన్నాను. చెప్పలేదు.”

కుర్చీ వెనక్కి పడింది. నర్సమ్మ నిలబడి ఉంది. ఇన్నేళ్ళ ఆసుపత్రిలో చావు ముందు ఏడవని మనిషి, అన్న పటం దిగిన రోజున తండ్రికి భయపడి ఏడవని మనిషి, ఇప్పుడు బుగ్గల మీదుగా కారిపోతున్నవి కళ్ళనీళ్ళని కూడా ఎరగనట్టు నిలబడింది.

“నన్నే,” అంది. “దుప్పట్లో దూరి… చీకటంటే ఏడుస్తుంటే, నా చెవిలో ఆ పేరు పెట్టి పిలిచేవాడు. అమ్మకి కూడా తెలియదు. ఎక్కడున్నాడు? ఎక్కడున్నాడయ్యా మా అన్న?”

“ఎదురు టీ కొట్టులో. లోపల బల్ల మీద, వీధికేసి కూర్చుని…”

మాట పూర్తి కాకుండానే నర్సమ్మ గది దాటింది. బిళ్ళ పిడికిట్లో ఉంది. ముందు కొట్లో భూతద్దమ్మ భర్త ఎవరికో చూపు పరీక్ష చేస్తూ, “జాగ్రత్తమ్మా, మెట్టు!” అనడం వినబడింది.

“ఆగమనండి! ఆవిడని ఆగమనండి!” అని బావ ఒక్క అరుపు అరిచాడు. లేవబోయి బల్ల తగిలి, టీ అంతా నల్లగుడ్డ మీద ఒలికిపోయింది.

“ఎందుకు బావా? వెళ్ళనీ!”

“నీకు తెలియదు! ఆయన నాతో ఏమన్నాడంటే… ‘నేను వచ్చి అడగను, ఎదురుగా కూర్చుని చూస్తాను. బిళ్ళ నకిలీదని తేలితే ఆవిడ ఏడుస్తూ బయటికొస్తుంది. అది చూసి, ఇక నన్ను వెతకదని మనసు కుదుటపరుచుకుని, లేచి వెళ్ళిపోతాను. మళ్ళీ ఈ ఊరి మొహం చూడను’ అన్నాడు.”

భూతద్దమ్మ వట్టికాళ్ళతోనే ముందు కొట్లోకి పరుగెత్తింది. గోడ నిండా వేలాడుతున్న కళ్ళజోళ్ళ వెనక, అద్దాల తలుపు అవతల వీధి కనబడింది. నర్సమ్మ మెట్టు దిగి ఎండలో నిలబడి ఉంది, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగసిపడేలా ఏడుస్తూ. రోడ్డుకి అవతల టీ కొట్టు చీకట్లో, వీధికేసి ఉన్న బల్ల దగ్గర, ఒక పొడుగుపాటి ముసలాయన ఎడమచేత్తో గ్లాసు కింద పెట్టి, మెల్లగా లేచి, వెనక గుమ్మం వైపు తిరిగాడు.